అమావాస్య, ఆదివారం, మధ్యలో ఒక చక్రం

ధాబా గోడ

శామీర్‌పేట రోడ్డు మీద ఒక ధాబా ఉంది. దాని ముందు గోడలో సిమెంటు పెట్టి రెండు బండి చక్రాలు బిగించేశారు. ఎర్రరంగు పూసి, చీకటి పడగానే బల్బుల దండ చుడతారు. ఫొటోలు దిగేవాళ్లకు అవి అందంగానే కనిపిస్తాయి. మా బాపు మాత్రం బస్సు ఆ ధాబా దగ్గరికి రాగానే మొఖం అవతలి కిటికీ వైపు తిప్పుకునేవాడు. ఆ చక్రాలు చేసింది ఆయనే.

బాపుది మెడ్చల్‌లో వడ్లపని, అంటే వడ్రంగం. చుట్టుపక్కల పది ఊళ్ల నాగళ్లు, గుంటుకలు, బండ్లు ఒకప్పుడు ఆయన చేతి మీదుగా పోయినవే. ట్రాక్టర్లు వచ్చాక ఆయనకు తలుపులు, కిటికీలు మిగిలాయి. గౌడవెల్లి రైతులు కూడా ఎడ్లబండికి రబ్బరు టైర్లు వేయించుకున్నాక చక్రం కావాలని అడిగేవాళ్లే లేకపోయారు. అలాంటప్పుడు ఒకాయన కారులో వచ్చి జత చక్రాలు కావాలంటే, బాపు ఎవరి పొలానికని కూడా అడగకుండా, మంచి తుమ్మచెక్క ఏరి, ఇరవై రోజులు కూర్చొని చేసిచ్చాడు. అవి గోడలోకి పోయాయి.

"తిరగని చక్రానికి గంత పాణం ఎందుకు వెట్టిన బిడ్డా" అన్నాడు ఆ రోజు అన్నం ముందు కూర్చొని. ఎప్పుడూ ఏదో ఒక పరాచికం ఆడే మా అమ్మ కూడా ఆ పూట పరాచికం మాని, ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

ఆయన కోరికంతా ఒక్కటే. తను చేసిన చక్రం ఇంకొక్కసారి బరువు మోసుకుంటూ మట్టిలో తిరగాలి, అది తను కళ్లారా చూడాలి. అందుకు మేము అమెరికా దాకా పోవాల్సి వస్తుందని మా ఇంట్లో ఎవరైనా చెప్పి ఉంటే, ముందు వాళ్లకు దిష్టి తీసి ఉండేవాళ్లం.

హైదరాబాద్‌లో చేతిపనుల మేళా జరిగినప్పుడు థామస్ అనే తెల్లాయన బాపు పక్కన ఒక పూటంతా గొంతుక్కూర్చొని పని చూశాడు. ఆయనా చక్రాలు చేసేవాడే. అమెరికాలో సముద్రం ఒడ్డున, దాదాపు నాలుగు వందల ఏళ్ల కింద ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చినవాళ్ల ఊరిని మళ్లీ కట్టి, ఆ కాలం బట్టలు వేసుకొని, ఆ కాలం పనులే చేస్తూ జనానికి చూపిస్తారట. మే నెలాఖరు జాతరకు ఒక ఎడ్లబండి తయారు కావాలి, ఒక చక్రం నువ్వు చెయ్యి, ఒకటి నేను చేస్తా అన్నాడు. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పుకునే నాకు ఎండాకాలం సెలవులు. కాబట్టి దుబాసిగా నేను. బాపు పెట్టెలో ఆయన పనిముట్లు, మామిడి తొక్కు, ఇంటి గోడ మీది క్యాలెండరు నుంచి చింపుకున్న మే నెల కాగితం. ఈ ఆఖరిదే మమ్మల్ని ముప్పుతిప్పలు పెట్టింది.

గోల్కొండ మనిషి

ఆ ఊళ్లో ఒక నియమం ఉంది. గేటు లోపల అడుగు పెట్టినవాళ్లు పాత కాలం మనుషులైపోతారు. రైలు అంటే వాళ్లకు తెలియదు, కరెంటు తెలియదు, అమెరికా అధ్యక్షుడెవరో అసలే తెలియదు. బయట కారు పార్కింగులో సిగరెట్టు కాలుస్తూ మాకు హలో చెప్పిన థామస్, గేటు దాటగానే పొడుగు టోపీ పెట్టుకొని, ప్రభువు దయవల్ల ప్రయాణం క్షేమంగా జరిగిందా అని అడిగాడు. నేను తెల్లబోయి బాపుకు తర్జుమా చేశాను.

"రాత్రే గదా మనం ఈయన కార్ల వచ్చింది. గప్పుడే మర్చిపోయిండా?" అన్నాడు బాపు.

ఇక్కడ థామస్, ముందు ముందు వచ్చే రూత్ అనే ఆమె మాట్లాడినవన్నీ నేను బాపుకు ఎట్లా చెప్పానో అట్లాగే రాస్తున్నాను. వాళ్లకు మెడ్చల్ యాస ఎక్కడిదని మీరు పరేషాన్ కావద్దు.

ధోవతి, తలగుడ్డతో బాపు బాడిశ పట్టుకొని కూర్చుంటే చూడవచ్చినవాళ్లకు అనుమానం వచ్చేది, ఈయన ఆ కాలంలో ఇక్కడ ఎట్లా ఉన్నాడని. థామస్ తడుముకోకుండా చెప్పేవాడు: "ఈయన గోల్కొండ రాజ్యం నుంచి ఓడల వచ్చిండు. అద్దకం బట్టలు, వజ్రాలు వచ్చే దేశం అది." లెక్క చూస్తే ఆ కాలానికి గోల్కొండలో కుతుబ్‌షాహీలే ఉన్నారు, కాబట్టి అబద్ధమేమీ లేదు. ఒక పెద్దావిడ బాపును మీ రాజు ఎవరని అడిగింది.

"మాకు రాజు లేడు. ఎమ్మార్వో ఉన్నడు" అన్నాడు బాపు.

ఎమ్మార్వో అంటే ఏమిటో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి ఆవిడ, అంటే రాజు కంటే పెద్ద అన్నమాట అని తలూపి వెళ్లిపోయింది. పొలం పని మీద ఆ ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లెవరూ ఆ మాట కాదనరు.

గట్క

ఆ ఊరి తిండి గురించి భయపడుతూ పోయాను. మొదటిరోజు మధ్యాహ్నం ఇనుప కుండలో నుంచి గరిటెతో తీసి మా ముందు పెట్టింది చూసి ఇద్దరం మొఖాలు చూసుకున్నాం. మక్క గట్క, అంటే మొక్కజొన్న రవ్వ సంకటి. మా అవ్వ వండే మక్క గట్కనే, కాకపోతే ఉప్పు తక్కువ. ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లకు గోధుమలు చేతికి రాక, అంతకు ముందు నుంచీ అక్కడున్న జనం దగ్గర మక్కలు వేయడం నేర్చుకొని బతికారట. బాపు పెట్టె తెరిచి మామిడి తొక్కు తీశాడు. థామస్ ఒక ముద్ద తిని, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా, ఇంకో ముద్దకు గిన్నె చాపాడు. ఆ రోజు నుంచి తొక్కు సీసాను బాపు తాళం వేసి దాచాల్సి వచ్చింది.

గేటు బయట మాత్రం కాఫీ రెండు డాలర్లు. బాపు ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చుకొని తాగేవాడు, అంటే తాగేవాడు కాదు. "గీ పైసలతోని మెడ్చల్ బస్టాండుల మన గల్లీ మొత్తానికి చాయ్ తాపొచ్చు" అని కప్పు నా వైపు జరిపేవాడు.

ఊరి చివర ఓడరేవు. ఓడరేవంటే నాలుగు కర్ర దిమ్మెలు, ఒక చెక్క వంతెన. అక్కడ పందిళ్ల మీద ఉప్పు చేపలు ఎండబెడతారు. గాలి ఇటు తిరిగిందంటే చూడవచ్చినవాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకునేవాళ్లు. "జవహర్‌నగర్ చెత్తగుట్ట గాలి ముందల ఇదెంత" అని బాపు అక్కడే కూర్చొని బీడీ వెలిగించేవాడు. ఆ ఎండు చేపలు పీపాల్లో నింపి ఓడలకెక్కించి, బదులుగా ఇనుము, గుడ్డ, చక్కెర తెచ్చుకునేవాళ్లట. జాతర రోజు కొత్త బండి చేయాల్సిన పని కూడా అదే. ఓడరేవు నుంచి చేపల పీపాలు నింపుకొని ఊళ్లో ప్రార్థన మందిరం దాకా రావాలి. ఆ మర్నాడే మా విమానం.

రేవు పక్కన, అంతకు ముందు నుంచీ అక్కడున్న జనం ఇండ్లు కూడా కట్టి పెట్టారు, చెట్టు బెరడుతో. అక్కడి ఆయన మాత్రం పాత కాలం మనిషిలా నటించడు. "మేం యాడికి పోలే, ఇప్పుడు గుడ ఈడనే ఉన్నం. మా ముచ్చట మేమే చెప్తం" అన్నాడు. ఆయన చేతిలో తెల్లవీ ఊదావీ గవ్వపెంకు పూసలు. తెల్లవాళ్లు వచ్చాక బొచ్చుతోళ్ల బేరంలో వాటిని పైసల్లాగా వాడారని, ఆ బేరం ముదిరి చివరికి భూములే చేతులు మారాయని చెప్పాడు. బాపు ఆ పూసల్ని వేళ్లతో చాలాసేపు తిప్పి చూశాడు. మెడ్చల్ చుట్టూ అప్పుడప్పుడే పొలాల్లో ప్లాట్ల రాళ్లు నాటుతున్నారు. ఆయనకు ఏం గుర్తొచ్చిందో నాకు చెప్పనక్కర లేకపోయింది.

రెండు చక్రాలు

పని ఉషారుగా సాగింది. థామస్ ఓక్ చెక్కతో, బాపు కూడా అదే ఓక్‌తో. మొదట్లో బాపు ఆ చెక్కను వాసన చూసి, గోటితో గీకి, నాలుకతో కూడా రుచి చూశాడు. "తుమ్మకు అన్న కాదు గాని తమ్ముడైతడు" అని ఒప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. నేను దుబాసినని పేరే గానీ, రెండో వారం కల్లా నాతో పనే లేకుండా పోయింది. థామస్ ఊఁ అంటే బాపు సుత్తె అందించేవాడు, బాపు ఛ అంటే థామస్ ఆగేవాడు. జీతం లేని టీచరులా ఓ మూల కూర్చొని నేను చలికోటులో వణికేదాన్ని. మే నెలలో చలేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఎడ్ల దగ్గర మాత్రం బాపు ఓడిపోయాడు. ఏనుగు పిల్లల్లాంటి రెండు ఎర్ర ఎద్దులు. పొద్దున తొమ్మిదింటికి గేటు తెరవగానే వాటికి కాడి కట్టి పాత బండితో నీళ్లు తెస్తారు. బాపు వాటి ముందు నిలబడి ఎడమకూ కుడికీ మన పక్క అరిచే అరుపులన్నీ అరిచాడు. అవి నెమరు వేస్తూ చూశాయి. థామస్ మెల్లగా ఒక మాట అనగానే చక్కగా కుడికి తిరిగాయి. "ఎడ్లు గుడ ఇంగ్లీష్ మీడియమే" అన్నాడు బాపు.

శుక్రవారం సాయంత్రానికి రెండు చక్రాల కర్రపని అయిపోయింది. ఇక మిగిలింది ఇనుప పట్టా ఎక్కించడం. పట్టాను ఎర్రగా కాల్చి చక్రం మీద వేసి నీళ్లు పోస్తే, అది బిగుసుకొని, ఆకులని పిలిచే చక్రం లోపలి అడ్డకర్రలన్నిటినీ ఒక్కటిగా పట్టేస్తుంది. పట్టా లేని చక్రం నాలుగడుగులు కూడా పోదు. ముందు రెండు రోజులు వాన పడి పొయ్యి అంటుకోలేదు. శనివారం ఎండ కాస్తుందని, పొద్దున్నే కానిద్దామని థామస్ కట్టెలు పేర్చి పెట్టుకున్నాడు. జాతర సోమవారం.

క్యాలెండరు కాగితం

శనివారం పొద్దున థామస్ వచ్చేసరికి బాపు తలస్నానం చేసి, ఉతికిన ధోవతి కట్టుకొని, మా గది గడప మీద తీరిగ్గా కూర్చున్నాడు. చేతిలో మే నెల కాగితం. శనివారం గడిలో నల్లటి గుండ్రం మీద వేలు పెట్టి చూపించాడు.

"గియ్యాల అమావాస్య. ఉలి ముట్టద్దు."

వడ్రంగి, కమ్మరి, కంసాలి మొదలైన మా వాళ్లు అమావాస్యనాడు పనిముట్టు ముట్టరు. ఆ రోజు ఉలికీ బాడిశకూ పసుపు, కుంకుమ పెట్టి పక్కన పెడతారు. మెడ్చల్‌లో ఇది అందరికీ తెలుసు, ఆ రోజు తలుపు చెక్కించమని ఎవరూ రారు. అమెరికాలో ఎవరికి తెలుసు? థామస్‌కు చెబితే ఆయన మొఖం వాడిపోయింది. అయినా బలవంతం చేయకుండా, పేర్చిన కట్టెల మీద గుడ్డ కప్పేశాడు.

"మరి రేపు ఆదివారం. గేటు లోపల ఆదివారం ఎవ్వరూ పని చెయ్యద్దు. గా కాలంల పని జేస్తే జరిమానా ఏసేటోళ్లు. మేం గుడ గట్లనే చూపిస్తం" అన్నాడు.

నేను లెక్క పెట్టుకున్నాను. శనివారం ఈయన ముట్టడు, ఆదివారం ఆయన ముట్టడు, సోమవారం జాతర, మంగళవారం విమానం. బాపు పక్కన కూర్చొని, బడి పిల్లలకు చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టాను.

"బాపు, ఇక్కడ పొద్దున తొమ్మిదంటే మనింటికాడ సాయంత్రమైంది. అమావాస్య పొద్దుగాలనే దాటిపోయింది. ఇప్పుడు ముడితే తప్పు లేదు."

"సంద్రుడు ఒక్కడే గదా బిడ్డా. ఆడొకడు, ఈడొకడు ఉన్నరా?"

"చంద్రుడు ఒక్కడే. టైము వేరే."

బాపు మే నెల కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. నెగ్గాననుకున్నాను. "అయితే నిన్న సాయంత్రం నేను ఆఖరుసారి ఉలి వట్టినప్పుడు ఇంటికాడ ఎప్పుడైంది?" అన్నాడు.

ఆలోచించకుండా నోరు జారాను. "శనివారం తెల్లవారుజాము."

"అంటే అమావాస్యనాడే పట్టిన అన్నట్టు."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. బాపు లేచి పనిముట్ల పెట్టె దగ్గరికి పోయి, ముట్టుకోకుండానే, తప్పయిందని రెండు చెంపలు వేసుకున్నాడు. ఇక ఆయనను కదిలించడం మా మెడ్చల్ ఎమ్మెల్యే తరం కూడా కాదు.

ఆఫీసు నుంచి ఒకామె వచ్చి మంచి ఉపాయమే చెప్పింది. ఆదివారం గేటు బయట, పార్కింగు వెనక షెడ్డులో పని కానివ్వొచ్చు, అక్కడ ఏ కాలం నియమమూ లేదు. థామస్ కూడా సరే అన్నాడు. బాపు ఒప్పుకోలేదు.

"నా అమావాస్య కోసం ఆయన పని ఇడిసిపెట్టిండు. ఆయన అమావాస్యనాడు నేను దొంగతనంగ చేసుడేంది? వద్దు."

"మరి నీ చక్రం తిరగకుండనే ఇంటికి పోదామా?" అని గట్టిగానే అన్నాను. ఆయన పని చేయని చేతుల్ని ఒళ్లో పెట్టుకొని, ఎండలో ఆరుతున్న రెండు చక్రాల వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం, జాలి రెండూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు చూపించాలో తెలియక లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

నక్కతోక

వాళ్ల విశ్రాంతి దినం శనివారం పొద్దు గూకగానే మొదలవుతుంది. ఆదివారం పొయ్యి మీద ఏమీ వండరు. ముందురోజు చిక్కుడు గింజల్ని బెల్లపు పాకం లాంటి దాంట్లో ఉడికించి పెట్టుకొని తింటారు. పొద్దున డప్పు కొట్టి పిలిస్తే అందరం ప్రార్థన మందిరానికి పోయాం. బొమ్మ లేదు, దీపం లేదు, గంట లేదు. ఉత్త చెక్క గది, వీపు ఆనించడానికి వీలులేని బల్లలు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ప్రసంగం పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం మళ్లీ అంత. మన హరికథలో మధ్యమధ్య పిట్టకథ ఉంటుంది, ఇక్కడ అదీ లేదు.

అందులో కునికేవాళ్లను లేపడానికి ఒకాయన పొడుగు కర్ర పట్టుకొని తిరుగుతాడు. కర్రకు ఒక చివర చెక్కగుండు, ఇంకో చివర నక్కతోక. మగవాళ్లకు గుండుతో ఒకటి వేస్తారు, ఆడవాళ్ల మొఖం మీద తోకతో నిమురుతారు. బాపు నిటారుగా కూర్చొని, అర్థం కాని ప్రసంగానికి భక్తిగా తలూపుతూ చివరిదాకా విన్నాడు. నక్కతోక నా మొఖం మీదికి వచ్చింది. నేను అమ్మా అని తెలుగులో అరిచాను. బాపు నావైపు తిరిగి చూడలేదు గానీ ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది.

మధ్యాహ్నం ఉప్పు గాలిలో బయట కూర్చున్నప్పుడు రూత్ వచ్చింది. గేటు బయట ఆమె బడి బస్సు నడుపుతుంది. ఈ ఊళ్లో ఆమెది పనిమనిషి వేషం. ఓడ కిరాయికి పైసలు లేక, ఒక యజమాని కిరాయి కడితే బదులుగా ఏడేళ్లు చాకిరీ చేస్తానని కాగితం మీద గీత గీసి వచ్చిన అమ్మాయి.

"అంటే జీతానికి కుదిరింది" అన్నాడు బాపు. మన ఊళ్లలో ఏడాదికని ఒకరింట్లో పనికి ఉండటాన్ని జీతం ఉండటం అంటారు.

"జీతమే, కాకపోతే జీతం లేదు" అంది రూత్. "నడుమల యజమానికి పైసలు కావలిస్తే మిగిలిన ఏండ్లు ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆమెను కాదు, ఆమె ఏండ్లను. తర్వాత ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చినోళ్లకైతే ఏండ్ల లెక్కనే లేదు. వాళ్లు, వాళ్ల పిల్లలు, అందరు జీవితమంతా."

"మరి గా పిల్లకు కాళ్లు జాపుకునే దినమే లేదా?"

"ఆదివారం. గా ఒక్క దినం యజమాని గుడ ఆమె చేత నూలు వడికించొద్దు, పొలానికి తోలొద్దు. దేవుని పేరు మీద దక్కిన దినం అది. గందుకే నాకు గీ రెండు గంటల ప్రసంగం గుడ తీపిగనే ఉంటది."

బాపు సముద్రం వైపు తిరిగి చెప్పాడు, నేను ఎన్నడూ వినని సంగతి.

"మా తాతకు గడీ కాడ వెట్టి ఉండె. దొర మనిషొచ్చి పిలిస్తే అన్నం ముందట్నుంచి లేసి పోవాలె. నాగలి జేసియ్యాలె, బండి జేసియ్యాలె, పైస అడుగొద్దు. పండుగ లేదు, సావు లేదు. గాని అమావాస్యనాడు ఉలి ముట్ట అంటే దొర గుడ ఏమనకపోయేది. నెలకు గా ఒక్క దినమే మా తాతది. మా నాయినకు గదే చెప్పిండు, నాయిన నాకు చెప్పిండు. ఇప్పుడు దొర లేడు, వెట్టి లేదు. మనకు పని తొందరున్నదని మనమే గా దినాన్ని ఇడుస్తమా?"

నేను ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను. రూత్ మిగతాది అడగలేదు. తలకు కట్టుకున్న తెల్లగుడ్డ సర్దుకొని, బాపు చేతి మీద ఒకసారి తట్టి, మధ్యాహ్నం ప్రసంగానికి వెళ్లిపోయింది. బాపు కూడా ఆమె వెనకే వెళ్లాడు. ఈసారి నేను నిద్రపోలేదు.

పట్టా

సోమవారం తెల్లవారక ముందే పొయ్యి అంటించారు. గేటు తెరిచేసరికి జనం, పిల్లలు, గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లు, పిల్లనగ్రోవి ఊదేవాళ్లు. బండి మధ్యాహ్నం కదలాలి. ఎడ్ల కాడికి పూలు కట్టేశారు, బండికి చక్రాలే లేవు. సమయానికి కాకపోతే పీపాలు పాత బండి మీద పోతాయి, మేము మర్నాడు విమానం ఎక్కుతాం.

పట్టా కాల్చే ముందు థామస్ ఇంకోసారి కొలిచి, టోపీ తీసి నేలకేసి కొట్టాడు. పట్టా పెద్దదైపోయింది. శుక్రవారం కొలిచినప్పుడు చెక్క వానకు ఉబ్బి ఉంది. రెండు రోజుల ఎండకు ఆరి, చక్రం ఒక వేలి మందం తగ్గింది. బాపు చక్రం అంతే, థామస్ చక్రం అంతే.

నాకు ఏడుపొచ్చింది. బాపు మాత్రం చక్రం చుట్టూ తిరిగి చూసి, నా వైపు తిరిగి మెల్లగా నవ్వాడు.

"శనివారమే ఎక్కించి ఉంటే గప్పుడు బిగుతుగనే ఉంటుండె. గీ ఎండకు ఆరి, ఇయ్యాల జాతర నడుమల పట్టా ఊసిపడుతుండె. పీపాలు, చేపలు, మన ఇజ్జత్, అన్నీ రోడ్డు మీద."

థామస్‌కు చెబితే ఆయనా తలూపి, గడ్డం గీరుకుంటూ నవ్వాడు. బాపు ఇది అమావాస్య మహిమ అంటాడు. రూత్ ఆదివారం మహిమ అంటుంది. ఎండ మహిమ అని నేనంటే ఇద్దరూ వినరు.

నవ్వుకోవడానికి తీరిక లేదు. రెండు పట్టాలూ కోసి, కాల్చి, మళ్లీ అతకాలి. థామస్ అతుకు పెడుతుంటే బాపు సమ్మెట వేశాడు, బాపు పడితే థామస్ వేశాడు. జాతర చూడవచ్చిన జనం గొర్రెల్ని వదిలి మా చుట్టూ మూగారు. ఊళ్లో కట్టెలు సరిపోక, ప్రసంగం చేసిన ఆయనే నల్లకోటు విప్పి కట్టెలు మోశాడు. పొద్దు నెత్తి మీదికొచ్చాక ఎర్రగా మెరుస్తున్న పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి బాపు చక్రం మీద దించారు. చెక్క అంటుకొని మంట లేచింది. "నీళ్లు, నీళ్లు, జల్దీ" అన్నాడు బాపు. రూత్ అర్థం చేసుకోవడానికి నా కోసం చూడలేదు, బకెట్టు ఎత్తి కుమ్మరించింది. పొగలో నుంచి ఆకులు బిగుసుకునే చప్పుడు, కిర్రు కిర్రున, వరసగా. ఆ చప్పుడు నేను చిన్నప్పుడు మా వాకిట్లో విన్నాను. అంతవరకూ అది మర్చిపోయానన్న సంగతి కూడా నాకు తెలియదు.

బాపు చెవి చక్రానికి దగ్గరగా పెట్టి విన్నాడు. "పట్టింది" అన్నాడు.

చక్రాలు ఇరుసుకెక్కించాక ఇంకో చిక్కు. కొబ్బరికాయ కొట్టకుండా బండి కదలనివ్వనన్నాడు బాపు. ముందే సూపర్‌మార్కెట్లో వెతికి తెచ్చుకున్నాడు, పిలక లేదు, పాడు లేదు, ప్లాస్టిక్ సంచిలో ముసలాయన గుండులా ఉంది. నల్లకోటాయన కనుబొమలు ముడిచాడు, ఆ కాలంలో అది విగ్రహారాధన కిందికి వస్తుందో ఏమో. రూత్ అందుకొని గట్టిగా ప్రకటించింది: "బార్బడోసు దీవి నుంచి ఓడ వచ్చింది. సరుకు బాగుందో లేదో పగలగొట్టి చూస్తున్నరు." సరుకంటే వాళ్లకు అభ్యంతరం లేదు. కాయ ఒక్క దెబ్బకు పగిలింది. ముక్కలు పిల్లలు పంచుకున్నారు.

చేపల పీపాలు ఎక్కించారు. థామస్ ఎడ్లకు ఆ ఒక్క మాట చెప్పాడు. బండి మూలిగి కదిలింది. రేవు తడికి మెత్తగా ఉన్న దారిలో చక్రాలు దిగబడి, లేచి, తిరగడం మొదలుపెట్టాయి. చప్పట్లు మోగాయి. బాపు చప్పట్లు వినలేదు. తన చక్రం పక్కనే, ఒక చెయ్యి దూరంలో, తల వంచి దాన్ని చూస్తూ నడుస్తున్నాడు. థామస్ బండి మీద చోటు చేసి, పైకి రమ్మని పిలిచాడు. నేనూ అరిచాను, ఎక్కి కూర్చో బాపు అని.

"కూసుంటే అది తిరుగుడు కనిపియ్యదు" అన్నాడు.

ప్రార్థన మందిరం దాకా నడిచాడు, ఖాళీ బండితో మళ్లీ రేవు దాకా నడిచాడు. మట్టిలో పడిన గాడి నీటుగా, ఎక్కడా వంకర లేకుండా ఉంది. ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను, పొగ వల్ల అని ఆయన చెప్పాడు, సరే అన్నాను. విడిపోయేటప్పుడు థామస్ ఒక మాట ఇచ్చాడు. ఆ బండిని చూడటానికి మాత్రమే పెట్టరట, రోజూ పొద్దున నీళ్లు తేవడానికి అదే పోతుందట.

మళ్లీ ఆ రోడ్డు

బేగంపేటలో దిగి మెడ్చల్ చేరాక నెల రోజులు బాపు గల్లీ గల్లీకీ ఈ కథ చెప్పాడు. సూరారంలో ఉండే మా బావ ఫ్యాక్టరీ నుంచి నలుగురిని వెంటేసుకొని వచ్చి మరీ విన్నాడు. ప్రతిసారీ నక్కతోక ఇంకొంచెం పొడుగయ్యేది.

తర్వాత ఒక సాయంత్రం శామీర్‌పేటలో మా మేనత్త మనవరాలి బారసాలకు బస్సులో పోతున్నాం. ధాబా వచ్చింది. గోడలో ఎర్రరంగు చక్రాలు, చుట్టూ బల్బుల దండ. అలవాటు ప్రకారం నేను బాపు వైపు చూశాను. ఆయన మొఖం తిప్పుకోలేదు. ధాబా వెనక్కి పోయేదాకా చూసి, నా చేతి గడియారం మీద వేలు పెట్టాడు.

"గిప్పుడు ఆడ గెంతైతది?"

చంద్రుడు ఒక్కడేనని వాదించిన మనిషి. నవ్వు ఆపుకొని లెక్క చూశాను. "ఆరున్నర కదా. అక్కడ పొద్దున తొమ్మిది."

బాపు సీటుకు వెనక్కి ఆనుకొని కళ్లు మూసుకున్నాడు.

"అయితే కాడి గట్టిండ్రు" అన్నాడు.